ముఖము కనబడని మనిషి

మా పడకటింటి మంచము క్రింద నొక యినుప ట్రంకుపెట్టె గలదు. పెండ్లినాడు పట్టుచీరలు దాచుకొమ్మని మా పుట్టినింటివారిచ్చినది. నేడా పెట్టెలో చీరలు లేవు; పిల్లియు నెలుకయు గలవు. పరిహాసమాడుట లేదు. అమెరికా దేశమున డెబ్బది, ఎనుబది యేండ్ల క్రిందట సినిమాశాలలలో పెద్దచిత్రమునకు ముందు చూపుటకై తీసిన పొట్టి బొమ్మల చిత్రములను, ఏడెనిమిది నిముషములలో ముగియు వానిని, టేపులపైనను డిస్కులపైనను సంపాదించి మేమందులో దాచుచున్నాము. చీరలకు బీరువాలో రెండరలు చాలినవి.

సోదరీమణులలో కొందరిది చదివి నవ్వుదురని యెరుగుదుము. మా బంధువులలో నవ్వనివారు లేరు. "నగలు కూడబెట్టువారిని చూచితిమి, వెండిగిన్నెలు కూడబెట్టువారిని చూచితిమి. కార్టూనులు కూడబెట్టు ఇల్లాలిని నిన్నే చూచుట" అని మా పెద్ద యాడుబిడ్డగారొకనాడు పదిమందిలో ననిరి. ఆమె మాటలో తప్పులేదు. ఫోను తెరచిన చాలును, బొమ్మలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడు నీ కాలమున, బడిపంతులుగారి జీతములో మిగిల్చి పాతడిస్కులు కొనుట యెందులకో మేము చెప్పవలసియే యున్నది.

మాకు బాల్యమున నుబ్బసపు బాధ యుండెడిది. అందుచే మా తండ్రిగారు బడికి పంపక, యింటనే రఘువంశమును, భారతమును, వసుచరిత్రమును చెప్పిరి. వేసవిలో మాత్రము కాకినాడలోని మేనమామగారింట నెలదినములుండెడి వారము. 1995లో మన దేశమున కార్టూన్ నెట్‌వర్కు ప్రసారములు మొదలైనవి. మా పల్లెకు కేబులు లేదు. మామయ్యగారి యింట నుండెను. వారు మాకొరకై యేడాది పొడుగునను మంచి మంచి బొమ్మలను వీ.సీ.ఆరులో నొక టేపుపై నెక్కించి, దానిపై మా పేర చీటి యంటించి యుంచెడివారు. పగలు పడకకుర్చీలో గూర్చుండి మాతోపాటు తామును కడుపుబ్బ నవ్వెడివారు. పగటివేళ మామయ్యగారి యింట పిల్లియెలుకలు, రాత్రి పండుకొనబోవు ముందు దిలీపుని గోసేవ: మా చదువు రెండు విధములుగా సాగినది.

మామయ్యగారు పోయిన పిమ్మట అత్తయ్యగారా టేపును మాకు పంపిరి. మేము దానిని పెట్టెలో నుంచి, యింటిపనులలో బడి, చాలకాలము చూడనైతిమి. గోదావరి జిల్లాల గాలిలోని చెమ్మ యెట్టిదో చదువరులకు తెలియును. ఊరగాయ జాడీ మూత సరిగా కట్టకున్న నేమగునో టేపునకు నదియే యైనది. తీసి చూతుము గదా, చుట్టయంచున తెల్లని బూజు. ఈ టేపన నేమో తెలియని పిన్నలకొక మాట: పలుచని ప్లాస్టికు పట్టీపై నినుపతుప్పువంటి పొడిని జిగురుతో బూసినదే టేపు, బొమ్మయు శబ్దమును నా పొడిలో నయస్కాంతపు గుర్తులై యుండును. చెమ్మ తగిలిన జిగురు చెడును, బూజు పట్టును. బూజు పట్టిన టేపును శుభ్రము చేయక యంత్రమున బెట్టరాదు. ఈ సంగతి మాకు నాడు తెలియదు. తెలియవలసిన దుకాణమువాడును తెలియనట్లే యంత్రములో దూర్చెను. అది రెండుచోట్ల తెగినది. మూడు గంటల టేపులో పదునొకండు నిముషములు మాత్రము మిగిలినవి. ఆ రాత్రి మేమన్నము ముట్టలేదు. మామయ్యగారు మరల పోయినట్లనిపించినది.

ఆ మిగిలిన దానిలో నొక బొమ్మ పూర్తిగా నున్నది. దాని పేరు "పుస్ గెట్స్ ది బూట్". 1940లో ఎం.జి.ఎం. కంపెనీవారు విడుదల చేసినది. పిల్లి యెలుకను హింసించుచు నింటిలోని యలంకారపు స్తంభమును పగులగొట్టును. ఇంటి పనులు చూచు నామె "ఇంకొక్క సామాను పగిలెనా, నిన్ను వెళ్లగొట్టుదును" అని బెదరించును. అంతట నెలుక యొక గాజుగ్లాసు నెత్తి పట్టుకొని, "దగ్గరకు వచ్చితివా, విడిచెదను" అన్నట్లు నిలుచును. ఇక పిల్లి పాట్లు చూడవలెను. ఎలుక మీదినుండి పళ్లెములు విసరుచుండగా నొకటిపై నొకటిగా పట్టుకొని గోపురము నిలిపిన దాని యవస్థ, పండుగనాడు పింగాణీ సామాను కడిగిన యే యిల్లాలికైనను తెలిసినదే.

టామ్ అండ్ జెర్రీ యని లోకమున ప్రసిద్ధమైన వరుసకిదియే మొదటి చిత్రము. చిత్రమేమనగా, ఇందులో పిల్లి పేరు టామ్ కాదు, జాస్పర్. ఇంతకంటె చిత్రము: దీనిని తీసిన విలియమ్ హానా, జోసెఫ్ బార్బెరాల పేర్లే మొదటి యక్షరములలో లేవు, పైయధికారి రుడాల్ఫ్ ఐసింగ్ పేరు మాత్రమే గలదు. ఈ జంట తరువాత 1958 వరకు నీ వరుసలో మొత్తము 114 చిత్రములు తీసి, యేడు ఆస్కారు బహుమానములు గొనినది.

పోయిన మూడు గంటలను తిరిగి సంపాదించవలెనని మాకు పట్టుదల పుట్టినది. మొదట విజయవాడలో పాతసామాను దుకాణములందు వీ.సీ.డీ.లు కొంటిమి. బొమ్మ మసకగా నుండును, అదియటుండనిండు. సంగీతము మాత్రము మా చెవికేదో తేడాగా తోచినది, టేపులోనిదే యనుకొన్నను. తరువాత తెలిసికొంటిమి. సినిమాబొమ్మ క్షణమునకిరువదినాలుగు చట్రముల చొప్పున నడచును. మన దేశపు టీవీ పద్ధతిలో నిరువదియైదు చొప్పున నడపుదురు. అనగా నూటికి నాలుగు వంతులు వేగము హెచ్చి, శ్రుతియు నించుక హెచ్చును. ఏడు నిముషముల బొమ్మ పదునారు, పదునేడు క్షణములు ముందే ముగియును. మామయ్యగారింట మేము వినిన శ్రుతి అసలు శ్రుతి కాదన్న మాట! స్కాట్ బ్రాడ్లీగారు కట్టిన సంగీతమును మొదటిసారి సరియైన శ్రుతిలో విన్ననాడు మాకది తప్పుగా తోచినది. బాల్యమున విన్నదే ప్రమాణమగుట యిట్టిదే కాబోలు.

మా మరిదిగారు డాలస్ నుండి వచ్చుచు నొక డీ.వీ.డీ. సంపుటము తెచ్చిరి. పెట్టి చూతుము గదా, "ఈ ప్రాంతపు డిస్కు కాదు" అని యంత్రము నిరాకరించినది. భూగోళమును కంపెనీలవారు ప్రాంతములుగా బంచుకొనిరట. అమెరికాది మొదటి ప్రాంతము, మనది యైదవది. ధనమిచ్చి కొన్న వస్తువును చూచుటకు నీ దేశము వేరనుట మాకు నేటికిని రుచింపదు. ఊరిలోని టీవీలు బాగుచేయు కుర్రవాడు మా యంత్రపు రిమోటుపై నేవో నాలుగంకెలు నొక్కి యా కట్టును విప్పి, నూరు రూపాయలు పుచ్చుకొనెను. ఆ నూరు రూపాయలంత సంతోషముతో మేమెవ్వరికి నిచ్చి యెరుగము.

మావారు మొదట, "పిల్లియెలుకల కొట్లాటకింత వ్యయమా?" అని విసుగుకొనినవారే. కాని లెక్కయనిన వారికి ప్రాణము. 114 చిత్రములకును వరుస పట్టీ యున్నదని వినగానే బడిలో పారవేసిన పాత హాజరుపట్టీ నొకదానిని తెచ్చి, గీతలు గీసి, వరుససంఖ్య, పేరు, సంవత్సరము, డిస్కు, చూచినవారు అని గళ్లు కట్టిరి. ఇప్పుడు చిత్రము దొరికిన "హాజరు", దొరకకున్న "గైర్హాజరు". పెట్టెలో నింక పొపాయి నావికుని బొమ్మలు కొన్ని, వాల్ట్ డిస్నీవారి సిల్లీ సింఫనీలును గలవు. ఆ సింఫనీల రేకుడబ్బా చూచి మా అత్తగారావాలకడిగిరి. ఇచ్చితిమి. డిస్కు మాత్రము తీసికొంటిమి.

వెదకుకొలది మాకీ బొమ్మలన్నియు తాళపత్ర గ్రంథములవలె గనబడసాగినవి. మా తండ్రిగారు రెండు మూడు ప్రతులు దగ్గరబెట్టుకొని పాఠాంతరములు చూచుచుండగా మేము ప్రక్కన గూర్చుండి చదివి వినిపించెడి వారము. ఇచ్చటను నదియే పని. ఈ డిస్కులో నొక దృశ్యము లేదు, ఆ డిస్కులో గలదు. ఇందులో నొక గొంతు, అందులో వేరొకటి. ఆ కాలపు ఫిలిము నైట్రేటుతో చేసినది. నిప్పునకాహుతియగు స్వభావము గలది. 1978లో న్యూయార్కు రాష్ట్రమందలి రాచెస్టరులో నట్టి ఫిలిముల గిడ్డంగి కాలి, ఎం.జి.ఎం. వారి కార్టూనుల మూలప్రతులు కొన్ని యందులో నశించినవి. ఇది దైవికము. మనుష్యులు చేసినది వేరొకటి గలదు. వార్నర్ బ్రదర్సువారు పాతబొమ్మలను రెండవమారు విడుదల చేయునపుడు "నీలిరిబ్బను" అని క్రొత్త తలకట్టు పెట్టి, చిత్రకారుల పేర్లున్న మొదటి భాగమును కోసివేసిరి. కొన్నింటి కసలు భాగము నేటికిని దొరకలేదు. ఆశ్వాసాంత గద్యము చించివేసిన కావ్యమువలె నవి యెవరివో చూచువారికి తెలియదు.

పేర్లున్న భాగమైనను నందరి పేర్లును గలది కాదు. ఏడు నిముషముల బొమ్మకు పదివేలకు పైగా చట్రములు వలెను. ఒక్కొక్క చిత్తరువును రెండేసి మారులు ఫోటో తీసినను నైదువేల చిత్తరువులు. చిత్రకారుడు కాగితముపై పెన్సిలుతో గీసినదానిని స్వచ్ఛమైన సెల్యులాయిడు రేకుపై సిరాతో నెత్తి గీయువారొకరు. ఆ రేకును త్రిప్పి వెనుకవైపున రంగులు నింపువారింకొకరు. ఆ కాలపు స్టూడియోలలో నీ రెండు పనులును చేసినవారు దాదాపందరును స్త్రీలే. రేకుపై వ్రేలిముద్ర పడకుండ నూలు చేతితొడుగులు వేసికొని, దినమంతయు వంగి కూర్చుండి, చెయ్యి వణకకుండ గీసిరి. చుక్క తప్పక పండుగముగ్గు వేసినవారికి గాని యా నడుమునొప్పి తెలియదు. వారిలో నొక్కరి పేరైనను మేము చూచిన యే బొమ్మ మొదటను గనబడలేదు.

మేమీ సంగతి పాపకు చెప్పుచుండగా నది యొక ప్రశ్న వేసినది. దానికి తొమ్మిదేండ్లు. క్రొత్తగా బ్లూరే డిస్కులు వచ్చినవి. 2011లో వెలువడిన సంపుటము, మొదటి 37 చిత్రములు గలది. "పుస్ గెట్స్ ది బూట్" పెట్టితిమి. ఇంటి పని చూచు నామె చీపురు పట్టుకొని వచ్చినది: లావుపాటి కాళ్లు, జోళ్లు, పనిగుడ్డ. నడుముపై భాగము చట్రములో లేదు. పాప, "అమ్మా, ఈ అవ్వకు ముఖం లేదా?" అని యడిగెను.

మాకు బదులు తోచలేదు. మాకంతకంటె వేరొక కలవరము గలిగినది. ఆమె గొంతు మా టేపులోనిది కాదు. మామయ్యగారితో గూడ విని నవ్విన గొంతు వేరు. విచారింపగా తెలిసినదిది. ఆమె నల్లజాతి స్త్రీ. స్టూడియోవారామెకు వాడుకగా "మామీ టూ షూస్" అని పేరుపెట్టిరి. మామీ యనగా తెల్లవారి యిండ్లలో పిల్లలను బెంచుచు చాకిరి చేసిన నల్లజాతి దాదులను పిలిచిన పిలుపు. నేడచ్చట దానినవమానకరముగా నెంతురు. 1940 మొదలు 1952 వరకామెకు గొంతిచ్చినది లిలియన్ రాండల్ఫ్ అను నటి. ఆమె పేరును తెరపై లేదు. దాసి యనగా నల్లని స్త్రీ, లావుది, మోటుమాటలది యని చూపుట తమ జాతినెగతాళి చేయుటయని నల్లజాతివారి సంఘములు నాడే యాక్షేపించినవి. 1952 పిమ్మట నా పాత్రను మానిరి. 1960 తరువాతి కాలమున టీవీకొరకు గొన్ని బొమ్మలలో నామెను దుడిచివేసి, సన్నని తెల్లని యువతిని గీసి యతికించిరి. 1990 తరువాతి దశకమున మరియొక నటిచే, థియా విడేల్ అను నామెచే, మాటలు మరల చెప్పించిరి. మా టేపులోని గొంతా రెండవ గొంతన్న మాట. 1950 నాటి "సాటర్డే ఈవినింగ్ పుస్" అను బొమ్మలో నామె పరుగెత్తుచుండగా కనురెప్పపాటు కాలము ముఖము గనబడునట.

మా బాల్యపు నవ్వులో నింత యున్నదని తెలిసిన నాడు డిస్కు తీసి పెట్టెలో నుంచి మూత వేయవలెననియే మొదట దోచినది. పిల్లకు చూపుటయా, మానుటయా? మావారును మేమును రెండు రాత్రులు వాదించుకొంటిమి. మావారు, "తెలియని వయసు. వద్దు. మిగిలినవి చాలవా?" అనిరి. కంపెనీవారికిని నిట్టి తగవే వచ్చినది. 2013లో రెండవ సంపుటము రావలసియుండగా "మౌస్ క్లీనింగ్", "కాసనోవా క్యాట్" అను రెండు చిత్రములు విడిచిపెట్టిరని తెలిసి, సేకరించువారు తగవులాడగా నది వాయిదా పడినది. మొదటి దానిలో పిల్లికి బొగ్గు మెత్తుకొని నల్లజాతివాని ననుకరించును. రెండవదానిలో నెలుక ముఖమునకు పొగ పట్టించి వేడిరేకుపై నాడింతురు. హాజరుపట్టీలో నా రెండును గైర్హాజరే. సేకరించువారి కోపము మాకు తెలియును. కాని, నవ్వబడినది తమ ముఖము కానివారు "సమగ్రముగా నుండవలె" ననుట సులభము. దీనిని మావారే మాకు గుర్తుచేసిరి. మేమా రాత్రి మాటాడలేదు.

మాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వచ్చిరి. కావ్యపాఠమున వారు కొన్ని పద్యములు విడిచి ముందునకు పోయెడివారు. ఆ పుటలకు దారము కట్టెడివారు, పుటలు చింపలేదు. పెండ్లి కుదిరిన నాడు దారము విప్పి పుస్తకము చేతికిచ్చిరి. ముద్దుపళని రాధికాసాంత్వనమును పరిష్కర్తలు కొన్ని పద్యములు తీసివేసి యచ్చువేయగా, బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతి వెదకించి 1910లో సమగ్రముగా ప్రకటించిరి. పరప్రభుత్వము నిషేధించినది, ప్రకాశంపంతులుగారి కాలమున గాని యా కట్టు వీడలేదు. కాని యచ్చట తుడిచివేయబడినది వ్రాసిన స్త్రీ మాట. ఇచ్చట నితరులు గీసిన స్త్రీ బొమ్మ. రెండునొకటి కావు. అయినను తుడిచివేసి తెల్లని యువతిని గీసిన యా ప్రతిలో లిలియన్ రాండల్ఫ్ బ్రతికిన బ్రతుకుతెరువు గూడ తుడుచుకొనిపోయినది గదా! తుదకు మేము పాపకు చూపితిమి. ప్రక్కన గూర్చుండి, ఆమెకు ముఖమెందుకు గీయలేదో మాకు తెలిసినంత చెప్పితిమి. పాప నవ్వవలసిన చోట నవ్వినది. కొన్నిచోట్ల మా ముఖము చూచినది.

మరునాడుదయము మేము వంటింటినుండి, "పనిమనిషి వచ్చినదేమో చూడవే" అని కేకవేసితిమి. పాప గుమ్మములో నిలిచి, "అమ్మా, ఆమె పేరేమిటి?" అని యడిగెను.

రఘువు మొదలు అగ్నివర్ణుని వరకు రాజుల పేర్లు వరుసతప్పక చెప్పగలవారము. ఆరేండ్లుగా మా యింట గిన్నెలు తోమి, యిల్లు తుడుచుచున్న యామె పేరు మాకు తెలియదు. ఆమె కొడుకు పేరు చెప్పి "వాని తల్లి" అని పిలుచుచుంటిమి. వీధిలో నందరునట్లే పిలుతురు. పాప పెరటిలోనికి పోయి తానే యడిగి వచ్చినది.

ఆ ఆదివారము పని ముగించుకొని పోవుచున్న యామెను పాప చేయిపట్టి లోనికి తెచ్చినది. కుర్చీ చూపితిమి. "వద్దమ్మగారూ, గచ్చు చల్లగా ఉంది" అని గోడకానుకొని కూర్చున్నది. పళ్లెములు గోపురమైన చోట నామె నవ్విన నవ్వు మేమెన్నడు వినలేదు. చెంగు నోటికడ్డము పెట్టుకొని దగ్గువచ్చునంతవరకు నవ్వినది. ఆ జోళ్లు, చీపురు తెరపైకి రాగానే నవ్వు మాని ముందునకు వంగి చూచినది. "అంత యిల్లూ ఆమె ఒక్కతే తుడుస్తుందా అమ్మగారూ?" అని యడిగినది. ఔనంటిమి. "జీతమెంతో" అన్నది.

హాజరుపట్టీలో మొదటి వరుసన "చూచినవారు" అను గడిలో మావారి పేరు, మా పేరు, పాప పేరునుండెను. వాని క్రింద పాప తన వంకరటింకర యక్షరములతో నామె పేరు వ్రాసినది. ప్రక్క గడిలో, దేనికో తెలియని ఖాళీలో, లిలియన్ రాండల్ఫ్ అనియు వ్రాసినది. ఈ వ్యాసములో వ్రాయవచ్చునాయని మేమామె నడిగితిమి. "నోటుబుక్కులో ఉంటే చాలమ్మా, పత్రికలో నా పేరెందుకు?" అన్నది. కనుక వ్రాయలేదు.

మరుసటి దినమామె గిన్నెల మ్రోతలోనుండి, "ఆ పిల్లిని మళ్లీ ఇంట్లోకి రానిచ్చారా?" అని యడిగినది. ఇంకను నూటపదమూడు గలవని పాప బదులు చెప్పినది. వానిలో మన యింట లేనివెన్నో మావారు పట్టీ తిరుగవేయుచుండిరి.